నూలు మేస్త్రి మోకాలు

మా పైవాటాలో ఉండే తాపీ మేస్త్రికి కాలు విరిగిందని తెలియగానే వీధిలో అందరూ అడిగిన మొదటి ప్రశ్న ఒక్కటే: "ఎన్నో అంతస్తు మీంచి పడ్డాడు?"

ఏ అంతస్తు మీంచీ కాదు. నేల మీద నిలబడి, నేల మీదే పడ్డాడు.

ముప్పై ఒక్క ఏళ్ళుగా పరంజాల మీద పిల్లిలా తిరిగిన మనిషి. ఆ రోజు ఒక ఇంటి ముందుగోడకు ప్లాస్టరింగు పూర్తి చేశాడు. ఎలా వచ్చిందో చూసుకుందామని ఒక అడుగు వెనక్కి వేశాడు. తల పక్కకు వంచి ఇంకో అడుగు. ఒక కన్ను మూసి మరో అడుగు. నాలుగో అడుగు దగ్గర ఇటుకలు తడిపే నీళ్ళతొట్టి ఉంది. వెనక్కి వెనక్కి పోయి అందులో పడ్డాడు. కుడికాలు మాత్రం తొట్టి గట్టుకు తగులుకుని బయటే ఉండిపోయింది. మోకాలికి జానెడు కింద ఎముక విరిగింది.

ఆసుపత్రికి చూడ్డానికి వెళ్ళినప్పుడు, "గోడ ఎలా వచ్చింది మరి?" అని అడిగేశాను. అలాంటి సమయంలో అడగాల్సిన మాట కాదని నాకూ తెలుసు. కానీ తెలుసుకోకపోతే నాకు అన్నం సయించదు.

"అద్దంలా వచ్చింది పిన్నిగారూ," అన్నాడు మేస్త్రి. అంత నొప్పిలోనూ మొహం వెలిగింది.

పక్కనే ఉన్న ఆయన భార్య, "అయితే అందులో నీ మొహం చూసుకుంటూ పడ్డావన్నమాట," అంది.

ఆయన్ని వీధిలో అందరూ నూలు మేస్త్రి అంటారు. నూలు అంటే తాపీపనివాళ్ళ కొలత, అంగుళంలో ఎనిమిదో వంతు. ఇటుక వరస ఒక్క నూలు పక్కకు జరిగినా ఒప్పుకోడు, ఊడదీసి మళ్ళీ కట్టిస్తాడు. ఇది ఆయనకు మేనమామ దగ్గర అబ్బిన గుణం. పద్నాలుగో ఏట మేనమామ చేతి కింద పనికి చేరాడు. మొదటిసారి తనంతట తాను కట్టిన గోడను ఆ మేనమామ మూడుసార్లు కూలగొట్టించాడట. నాలుగోసారి కట్టాక ఏమీ అనకుండా దానికి ఆనుకుని కూర్చుని టీ తాగాడట. "అదే నా సర్టిఫికెట్టు," అంటాడు మేస్త్రి.

ఆయన భార్య బడిలో ఆయా. పొద్దున ఎనిమిదింటికి వెళ్తే సాయంత్రం నాలుగింటికి వస్తుంది. అందుకని పగటిపూట మేస్త్రిని కనిపెట్టుకుని ఉండమని నాకు అప్పగించింది. అప్పగించకపోయినా వెళ్ళేదాన్నే అనుకోండి. పదకొండేళ్ళుగా మా ఇంట్లో అద్దెకుంటున్నారు, పరాయివాళ్ళేం కాదు.

ఎముకకు లోపల రేకు పెట్టి, మరలు బిగించారు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు నా ఎదుటే చెప్పాడు. కాలి వేళ్ళు, మడమ ఇవాళ్టి నుంచే ఆడిస్తూ ఉండాలి. తొడ కండ బిగించి వదులుతూ ఉండాలి. మడమను పక్క మీద జరుపుతూ మోకాలు కొద్దికొద్దిగా వంచాలి. బరువు మాత్రం వెయ్యకూడదు. బొమ్మలు వేసి ఉన్న కాగితం కూడా ఇచ్చాడు.

మేస్త్రికి అందులో ఆఖరి మాట ఒక్కటే చెవికెక్కింది.

మర్నాడు నేను టీ పట్టుకుని పైకి వెళ్ళేసరికి మోకాలి కింద రెండు దిళ్ళు, మడమ కింద ఒకటి, అటూ ఇటూ చెరొకటి పెట్టుకుని, కాలిని పసిపిల్లలా పడుకోబెట్టి ఉంచాడు.

"పిన్నిగారూ, శ్లాబు వేశాక ఏం చేస్తాం?" అన్నాడు.

"నేనెప్పుడు వేశాను నాయనా శ్లాబు?"

"ఇరవై ఎనిమిది రోజులు దాని జోలికి పోం. కింద కర్రలు తియ్యం. మీద ఎవర్నీ నడవనియ్యం. తొందరపడి కదిపామా, పైకి బాగానే ఉంటుంది, లోపల బీట పడుతుంది. ఎముకా అంతే. అతుక్కునే దాన్ని ఎవడైనా కదుపుతాడా?"

"డాక్టరు కదపమన్నాడు గదా?"

"ఆయన ఎన్ని శ్లాబులు వేశాడేంటి?"

బడికి బయల్దేరుతున్న ఆయన భార్య గుమ్మంలో ఆగింది. "శ్లాబుకి పొద్దునా సాయంత్రం నీళ్ళు కూడా కొడతారు గదా. రెండు బకెట్లు తెచ్చి కాలి మీద కుమ్మరించి పోనా?"

"నీకన్నీ వేళాకోళాలే," అన్నాడాయన. గోడ మీది క్యాలెండర్లో ఇరవై ఎనిమిదో రోజుకు పెన్సిల్‌తో సున్నా చుట్టాడు.

దాచడం ఎందుకు, ఆయన చెప్పింది నాకూ సబబుగానే తోచింది. ఇన్ని ఇళ్ళు నిలబెట్టినవాడికి ఏది ఎప్పుడు గట్టిపడుతుందో తెలియదా అనుకున్నాను. కుట్లు విప్పడానికి వచ్చిన నర్సు, "కాలు కదుపుతున్నారా?" అని అడిగితే, "ఆఁ, భేషుగ్గా," అని ఆయన అబద్ధమాడాడు. నేను కిటికీలోంచి బయటకు చూస్తూ ఊరుకున్నాను.

ఆ నెల మా ఇంటి పైకప్పు మూగబోయింది. నా కుర్చీ సరిగ్గా ఆయన మంచం కింద ఉంటుంది. మామూలుగా అయితే తెల్లవారేసరికి పైన ధనధనా అడుగులు, బొచ్చెల చప్పుడు, తలుపుల చప్పుడు. ఇప్పుడు ఆవిడ బడికి వెళ్ళిపోయాక చీమ నడిచినా వినిపించేలా ఉండేది. కాలకృత్యాలకు వాకర్ పట్టుకుని కుంటుకుంటూ నాలుగడుగులు, మళ్ళీ పక్క ఎక్కడం. అంతే.

ఇరవై ఎనిమిదో రోజు ఆదివారమైంది. మేస్త్రి గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని నన్ను పైకి పిలిపించాడు.

"ఇవాళ సెంట్రింగు కర్రలు తీసేస్తున్నాం," అన్నాడు.

భార్య ఒక్కో దిండూ తీస్తుంటే, "నెమ్మది, నెమ్మది" అంటూ పని చేయించినట్టే చేయించాడు. రెండు చేతులతో కాలిని పట్టుకుని మంచం అంచుకు జరిపాడు. ఎడమకాలు మామూలుగా కిందికి వేలాడింది. కుడికాలు వేలాడలేదు. అంచు దాటి బల్లచెక్కలా ముందుకే నిలబడింది. కిందికి వంచబోయాడు, వంగలేదు. మోకాలి మీద చెయ్యి వేసి నొక్కాడు. ఆయన గొంతులోంచి వచ్చిన అరుపుకు పక్కింటివాళ్ళు కూడా కిటికీ తెరిచారు.

లుంగీ పక్కకు తప్పుకుంటే తొడ కనిపించింది. మనిషి రెండు తొడల్లో ఒకటి ఎవరో చెక్కి సన్నం చేసినట్టుంది.

ఆయన చాలాసేపు తన కాలినే చూస్తూ కూర్చున్నాడు. "పాడు చేసుకున్నానా?" అని అడిగాడు. ఎవర్ని అడిగాడో తెలియదు.

మర్నాడు కుర్చీలో కూర్చోబెట్టి కిందికి దించి ఆసుపత్రికి తీసుకెళ్ళాం. నేనూ వెళ్ళాను. డాక్టరు ఎక్స్‌రే ఫోటో చూసి తలాడించాడు, మోకాలు చూసి తల పట్టుకున్నాడు.

"ఎముక బాగా అతుక్కుంటోంది. కానీ మోకాలు ముప్పై డిగ్రీలే వంగుతోంది. నేను చెప్పినవి చేశారా?"

మేస్త్రి శ్లాబు సంగతి చెప్పాడు. డాక్టరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. నవ్వు ఆపుకున్నాడో, కోపం ఆపుకున్నాడో నాకు అంతుపట్టలేదు.

"చూడండి, శ్లాబుకి నరాలూ కండా ఉండవు. కదలకపోతే అది గట్టిపడుతుంది, మోకాలు బిగుసుకుపోతుంది. ఆరు వారాలు గడువిస్తున్నాను. తొంభై డిగ్రీలు వంగాలి. సగం బరువు వేస్తూ వాకర్‌తో నడవండి. అప్పటికీ రాకపోతే మత్తిచ్చి నేనే వంచాలి. అప్పుడు ఎంత వస్తే అంత, మాట ఇవ్వలేను."

"పరంజా ఎక్కగలనా?"

"ముందు మోకాలు వంగనివ్వండి. వంగకపోతే ఆ ప్రశ్న నన్ను అడగొద్దు."

దారి పొడుగునా మేస్త్రి ఆటోలోంచి బయటకు చూస్తూనే ఉన్నాడు. ఒకచోట మూడంతస్తుల ఇల్లు లేస్తోంది. పరంజా మీద ఇద్దరు గొంతుక్కూర్చుని కిటికీ కింద వరస కడుతున్నారు. మలుపు తిరిగేదాకా మెడ తిప్పి వాళ్ళనే చూశాడు.

ఆ వారం నుంచి ఫిజియో అమ్మాయి రావడం మొదలుపెట్టింది. ప్రతి మంగళవారం వస్తుంది. సన్నగా ఉంటుంది, భుజాన తన కంటే బరువైన సంచీ. అందర్నీ బాబాయ్, పిన్నీ అంటుంది గానీ పని దగ్గర మాత్రం ఎవరి మాటా వినదు. మొదటి రోజు పది పదిసార్లు మూడు పూటలా చెయ్యమని చూపించి వెళ్ళింది. భయపడిపోయి ఉన్న మేస్త్రి పోయిన నెల బాకీ అంతా ఒక్క రోజులో తీర్చేద్దామని రెండొందల సార్లు చేశాడు. సాయంత్రానికి మోకాలు బూరెలా ఉబ్బింది. భార్య బడి నుంచి వచ్చి మంచుముక్కలు గుడ్డలో చుట్టి పెడుతూ, "అయితే బండరాయి, లేకపోతే బొంగరం. నీకు మధ్యరకం లేదా?" అని రాత్రి అన్నం తినేదాకా తిడుతూనే ఉంది.

తర్వాతి మంగళవారం ఆ అమ్మాయి తన ప్లాస్టిక్ కొలబద్ద మోకాలి పక్కన పెట్టి, "ముప్పై ఎనిమిది డిగ్రీలు బాబాయ్," అంది. మేస్త్రి మొహంలో ఏ కదలికా లేదు. ముప్పై ఎనిమిది మంచిదా చెడ్డదా కూడా తెలియనట్టు చూస్తున్నాడు.

నేను ఆగలేకపోయాను. "ఇంతకీ ఈ తొంభై అంటే ఎంతమ్మా? కాస్త చేత్తో చూపించు," అన్నాను.

ఆ అమ్మాయి ఒక అరచేతిని అడ్డంగా, ఇంకో అరచేతిని నిలువుగా పెట్టి చూపించింది. "ఇంత పిన్నీ. గోడా నేలా కలిసే మూల ఉంటుంది చూడండి, అంత."

మేస్త్రి పక్క మీద నిటారుగా లేచి కూర్చున్నాడు. "మూలమట్టమా? తొంభై అంటే మూలమట్టమా? ఈ మాట ఆ డాక్టరు ముందే చెప్పొచ్చు గదా!"

అటక మీంచి పనిసంచీ దింపించాడు. అందులోంచి తీసిన మూలమట్టం రెండు ఇనుప చేతుల పరికరం. గదుల మూలలు సరిగ్గా ఉన్నాయో లేదో దాంతోనే చూస్తారు. మంచం అంచున కూర్చుని, ఒక చేతిని తొడ కిందుగా ఆనించి, రెండోది పిక్క వెనకాల కిందికి వేలాడేలా పెట్టించుకున్నాడు. మోకాలు తొంభైకి వంగితే మడమ ఆ ఇనుముకు తగలాలి. ఆ రోజు మడమకూ ఇనుముకూ మధ్య ఎడం టేపుతో కొలిపించాడు. పన్నెండున్నర అంగుళాలు.

"పన్నెండున్నర," అన్నాడు తనలో తను. "పన్నెండున్నర అంగుళాలు తేడా ఉన్న గోడని నేను ఎక్కడైనా వదిలానా?"

పెన్సిల్ తీసుకుని మంచం పక్క గోడ మీద ఆ అంకె వేశాడు.

ఇక అక్కడి నుంచి ఆ ఇల్లు ఇల్లులా లేదు, పని జరిగే చోటులా అయింది. మడమ కింద పాత తువ్వాలు వేసుకుని, నున్నటి గచ్చు మీద ముందుకూ వెనక్కూ జరిపేవాడు. "కాలితో పాలిష్ పడుతున్నా పిన్నిగారూ," అనేవాడు. వాకర్‌తో నిలబడితే ఒళ్ళంతా మంచి కాలి వైపే ఒరుగుతోందని ఆ అమ్మాయి చెప్పిందట. గుమ్మం పైకమ్మికి దారం కట్టి ఇనపగుండు వేలాడదీశాడు, గోడ నిలువు చూసే తూకంగుండు. దాని వెనకాల తను నిలబడి, ఎదురుగా నన్ను నిలబెట్టేవాడు.

"దారం నా ముక్కు మీదుగా పోతోందా?"

"కుడి చెవి మీదుగా పోతోంది."

"ఇప్పుడు?"

"ఇప్పుడు చెంప."

ఒకరోజు సరదాగా నన్నూ నిలబడమన్నాడు. నేను కూడా రెండు అంగుళాలు కుడికి ఒరిగి ఉన్నానని తేలింది. "పునాదిలోనే తేడా ఉంది, ఇప్పుడేం చెయ్యలేం," అన్నాడు. ఇద్దరం పడీ పడీ నవ్వాం.

గోడ మీద అంకెలు దిగుతూ వచ్చాయి. పదకొండు. తొమ్మిదింపావు. ఎనిమిది. ఏడుం మూడు నూళ్ళు. ఫిజియో అమ్మాయి డిగ్రీలు తన పుస్తకంలో రాసుకునేది, ఆయన అంగుళాలు గోడ మీద రాసుకునేవాడు. ఒకరి భాష ఒకరికి అక్కర్లేకుండానే పని సాగిపోయింది.

అయిదున్నర దగ్గర ఆగిపోయింది.

ఒకరోజు అయిదున్నర. మర్నాడూ అయిదున్నర. ఆ మర్నాడు అయిదుం అయిదు నూళ్ళు, అంటే వెనక్కి పోయింది. తొమ్మిది రోజులు గోడ మీద అంకె అయిదున్నర దాటి దిగలేదు. గడువుకు ఇంకా పధ్నాలుగు రోజులే ఉంది. పదో రోజు టేపు అడగలేదు. పెన్సిల్ దిండు కింద పెట్టేసుకున్నాడు.

ఆ సాయంత్రం నేనూ ఆయన భార్యా అక్కడే ఉన్నాం. ఆవిడ చిక్కుడుకాయలు ఒలుస్తోంది.

"ఇంతేనేమోనే," అన్నాడు మేస్త్రి. "కింద నిలబడి అటు జరుపు, ఇటు జరుపు అని చెప్పే మేస్త్రినవుతా. చాలామంది అలా బతకడంలా?"

ఆవిడ చేతిలో కాయ ఆగింది. "చెప్పడానికి నీకు నోరు సరిపోద్ది. ఊరుకోడానికే నీ వల్ల కాదు. నువ్వు కిందుంటే పరంజా మీదవాడు రోజుకి నాలుగుసార్లు ఏడుస్తాడు, నువ్వు అయిదుసార్లు ఏడుస్తావు. ఆ ఏడుపులన్నీ రాత్రికి ఇంటికొచ్చి నేను వినాలి."

ఆయన నవ్వలేదు. "గోడ ముందు గొంతుక్కూర్చోలేనివాడు మేస్త్రి ఏంటే," అన్నాడు. ఆవిడ లేచి చిక్కుళ్ళ పళ్ళెంతో సహా వంటింట్లోకి వెళ్ళిపోయింది. లోపల చాలాసేపు కొళాయి నీళ్ళు ఊరికే పోతూ వినిపించాయి.

మర్నాడు మంగళవారం. ఫిజియో అమ్మాయి కొలిచి, పెదవి విరిచింది. "మూడు పూటలా చేస్తున్నారా బాబాయ్?"

"లెక్క తప్పకుండా చేస్తున్నా తల్లీ. కావాలంటే పిన్నిగార్నడుగు."

"చేస్తున్నాడమ్మా," అన్నాను నేను. "నాకు కింద వినిపిస్తుంది. పొద్దున ఏడింటికి పది నిమిషాలు సర్రు సర్రుమని తువ్వాలు చప్పుడు. మధ్యాహ్నం ఒంటిగంటకోసారి. మళ్ళీ సాయంత్రం అయిదింటికి. ఆ టైముకి గడియారం పెట్టుకోవచ్చు."

"మిగతా టైములో?"

"మిగతా టైములో ఏం ఉంటుంది? చడీ చప్పుడూ ఉండదు. ఒంటిగంట నుంచి అయిదు దాకా నేను హాయిగా పడుకుంటాను."

ఆ అమ్మాయి కొలబద్ద పక్కన పెట్టేసింది. "అదీ సంగతి! అరగంట వంచి, మిగతా రోజంతా చాపుకుని పడుకుంటున్నారా? అరగంటలో వచ్చింది ఆ గంటల్లో మళ్ళీ బిగుసుకుపోతోంది బాబాయ్. గంటకోసారైనా లేవాలి. ఇంట్లో అటూ ఇటూ ఏదో ఒక పని చేసుకుంటూ ఉండాలి."

మేస్త్రి నా వైపు గుడ్లురిమి చూశాడు. "పిన్నిగారూ, మీరు కిందికి వెళ్ళేటప్పుడు చెవులు ఇక్కడే వదిలేసి పోతారా?"

"పైకప్పు పల్చగా ఉంటే నా తప్పా?"

"మూడుపూటలూ చెయ్యమన్నారు, చేశా. విశ్రాంతి తీసుకోవద్దని ఎవరు చెప్పారు?"

"మంచం మీద నుంచే దొరలా టీ అడుగుతున్నావు గదా, అందిస్తుంటే అడ్డం చెప్పేదెవరు?" అంది భార్య. ఆ రోజు బడికి సెలవు పెట్టింది. "అందించేదాన్ని నేనే, నాదీ తప్పుంది. ఇవాళ్టి నుంచి నీళ్ళ గ్లాసు కూడా నీ దగ్గరికి రాదు. నువ్వే దాని దగ్గరికి పోవాలి."

"గంటగంటకీ లేచి ఏం చెయ్యను? గదిలో పచార్లు చెయ్యనా?"

ఆవిడ నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "పనేగా కావాలి? పదకొండేళ్ళుగా ఎదురుచూస్తున్న పని చూపిస్తా, రా."

మేస్త్రిని వాకర్‌తో లేపి ఇల్లంతా తిప్పింది. వెనకాలే మేమిద్దరం. కిటికీ పక్కన నెర్రె. అలమర పైన ఊడిపోయిన పెచ్చు. వంటగట్టు అంచున పగులు. స్విచ్చుబోర్డు చుట్టూ సందు. తలుపు చట్రం పొడుగునా చెయ్యి దూరేంత చీలిక. నేల దగ్గర గోడ పాదం వెంట కొరికేసినట్టున్న సిమెంటు. ఊరందరి గోడలూ అద్దాలు చేసిన మనిషి ఇంట్లో గోడలు అలా ఉన్నాయి. అద్దెకున్నవాడు మేస్త్రి అయితే నాకింకేం చింత అని నేనూ ఇన్నేళ్ళు కిమ్మనకుండా ఊరుకున్నాను. అందుకని, మీరెందుకు బాగుచేయించలేదన్న మాట రాకముందే మజ్జిగ తెస్తానని కిందికి దిగేశాను.

మర్నాటి నుంచి మొదలైంది. గిన్నెలో పుట్టీ కలుపుకుని, గంటకో నెర్రె చొప్పున పూడ్చడం. ఫిజియో అమ్మాయి రెండే షరతులు పెట్టింది. స్టూలు ఎక్కకూడదు, నొప్పి పెరిగితే ఆపాలి.

పై నెర్రెలు నిలబడే అందాయి. ఒక చెయ్యి వాకర్ మీద, ఒక చెయ్యి తాపీ మీద. అవి రెండు రోజుల్లో అయిపోయాయి. తర్వాతవి నడుం ఎత్తులో ఉన్నాయి, వాటికి కుర్చీ వేసుకున్నాడు. కుర్చీలో కూర్చుని గోడకు దగ్గరగా జరగాలంటే మోకాలు గోడకు తగలకుండా కాలు వెనక్కి లాక్కోవాలి. మొదటి రోజు కాలు అడ్డం వచ్చి గోడ అందలేదు. పక్కకు తిరిగి కూర్చుని చేద్దామనుకున్నాడు. అలా వంకరగా పెట్టిన పూత ఆయనకే నచ్చలేదు. గీకేశాడు. మళ్ళీ ఎదురుగా కూర్చున్నాడు. పళ్ళు బిగించి, కాలు రెండు వేళ్ళు వెనక్కి లాగాడు. ఒక నిమిషం పని, కాలు చాపి ఒక నిమిషం విరామం, మళ్ళీ లాగడం. మోకాలి సంగతి మర్చిపోయి నెర్రె సంగతే ఆలోచించేవాడు. నేను గుమ్మంలో కూర్చుని కబుర్లు చెబుతుంటే, "పిన్నిగారూ, వెలుగుకి అడ్డం," అనేవాడు.

మా పైకప్పుకు మళ్ళీ మాట వచ్చింది. వాకర్ టకటక, కుర్చీ ఈడ్చిన చప్పుడు, తాపీ గీకుడు. నా మధ్యాహ్నపు నిద్ర పోయింది. ఒక్కరోజు కూడా పోయిందని బాధపడలేదు.

నాలుగో రోజు గోడ మీద కొత్త అంకె పడింది. నాలుగున్నర. తర్వాత మూడుం ఆరు నూళ్ళు.

కుర్చీ పని అయిపోయాక తక్కువ ఎత్తు ముక్కాలిపీట వేసుకున్నాడు. దాని మీద కూర్చోవడానికే రెండు రోజులు పట్టింది. ఆయన భార్య వెనకనుంచి చంకల కింద చేతులు వేసి పట్టుకుంటే, "వదిలేయకే, వదిలేయకే" అంటూ అంగుళం అంగుళం దిగేవాడు. మొదటిసారి ఆ పీట మీద పూర్తిగా ఆనాక కళ్ళవెంట నీళ్ళు కారుతూనే పుట్టీగిన్నె అందుకున్నాడు. "నొప్పా?" అని అడిగాను. "నొప్పే. కానీ పోయినవారం నొప్పి కాదు ఇది, వేరే నొప్పి," అన్నాడు. ఆ తేడా ఏమిటో నేను ఎంత అడిగినా చెప్పలేకపోయాడు.

గడువు రోజుకి నేల దగ్గర గోడపాదం ఒక్కటే మిగిలింది. అది కింద గొంతుక్కూర్చుంటే తప్ప అందదు. దాన్ని అలాగే వదిలేసి ఆసుపత్రికి బయల్దేరాడు. వెళ్ళేముందు ఎడం కొలవమంటే, "వద్దులే, ఆయనే చూస్తాడు గదా," అన్నాడు. ఆటోలో భార్య చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. పెళ్ళయిన కొత్తలో కూడా అలా పట్టుకుని ఉండడని నా నమ్మకం.

డాక్టరు ఒకసారి కొలిచాడు. కొలబద్ద తీసి మళ్ళీ పెట్టాడు.

"ఎనభై ఎనిమిది."

రెండు తక్కువ. మేస్త్రి మొహం పాలిపోయింది. "మత్తు ఇస్తారా?" అన్నాడు.

"దేనికి?" డాక్టరు కొలబద్ద జేబులో పెట్టుకున్నాడు. "ముప్పై నుంచి ఎనభై ఎనిమిదికి వచ్చింది, ఇంకా వస్తోంది. వస్తున్నదాన్ని నేనెందుకు ముట్టుకుంటాను? వాకర్ మానేసి చేతికర్ర పట్టుకోండి. ఇలాగే చేస్తే మూడు నెలలకి పరంజా సంగతి మాట్లాడుకుందాం. మాట్లాడుకుందాం అన్నాను, ఎక్కమనలేదు."

"రెండు తక్కువైంది గదా డాక్టరుగారూ," అన్నాడు మేస్త్రి, ఇంకా నమ్మకం కుదరక.

"రెండు డిగ్రీలకి కూల్చి కట్టమంటారా?" అన్నాడు డాక్టరు. అప్పుడు నవ్వాడు మేస్త్రి. ఆసుపత్రి వరండా అంతా వినపడేలా నవ్వాడు.

ఇంటికొచ్చాక కుర్చీలో మోయనివ్వలేదు. ఒక చేత్తో కమ్మీ, ఒక చేత్తో కర్ర పట్టుకుని మెట్లు ఎక్కడం మొదలుపెట్టాడు. ఒక మెట్టు కింద భార్య, ఆవిడ వెనకాల నేను. మంచికాలు ముందు, తర్వాత రెండోది. ఒక్కో మెట్టు మీదా రెండు పాదాలూ కలిపి, ఆగి, ఊపిరి పీల్చుకుని. ఏడో మెట్టు ఎక్కి ఆగిపోయాడు. ముందుకు కదల్లేదు.

"నొప్పా?" అంది భార్య.

ఆయన ఆరో మెట్టు మీదికి దిగాడు. మళ్ళీ ఏడో మెట్టు ఎక్కాడు.

"పిన్నిగారూ, ఈ మెట్లు ఎవరు కట్టారు?"

"మా ఆయన దగ్గరుండి కట్టించారు. ఏం?" అన్నాను, కాస్త పౌరుషంగానే.

"ఈ మెట్టు అర అంగుళం ఎత్తు ఎక్కువుంది."

"పదకొండేళ్ళు ఎక్కి దిగుతున్నావు. ఇవాళ తెలిసిందా?"

"ఇన్నాళ్ళూ రెండేసి మెట్లు ఎక్కేవాణ్ణి. రెండు, నాలుగు, ఆరు, ఎనిమిది. ఇది ఎప్పుడూ నా కాలి కింద పడలేదు." కర్ర గోడకు ఆనించి, కమ్మీ పట్టుకుని, నెమ్మదిగా ఆ మెట్టు మీదే కూర్చున్నాడు. రెండు పాదాలూ కింది మెట్టు మీద పెట్టి, ముందుకు వంగి, మెట్టు అంచు వెంట బొటనవేలు నడిపించాడు. "ఎవరికైనా కాలు తట్టుకుంటుంది ఇక్కడ. చెక్కి సరిచెయ్యాలి."

"మూడు నెలలు ఆగమన్నాడు డాక్టరు," అంది భార్య.

"అది పరంజాకి. ఇది మెట్టేగా. కూర్చునే చెయ్యొచ్చు."

"లే ముందు. ఇంట్లోకి పద."

"ఉండవే, చూడనీ."

ఆవిడ నా వైపు చూసింది. నేను ఆవిడ వైపు చూశాను. ఆయన ఇప్పట్లో లేచేలా లేడు. మెట్టు గచ్చు చల్లగా ఉంటుంది గదా అని, కింద వేసుకోవడానికి పాత దుప్పటి తెద్దామని నేను కిందికి దిగి మా ఇంట్లోకి వెళ్ళాను.